నీటియొడ్డు కట్టడములు: దీర్ఘప్రకాశన ఛాయాచిత్రముల సాక్ష్యము

దేశచరిత్ర రచనకు శాసనములు, నాణెములు, తాళపత్రగ్రంథములు, విదేశయాత్రికుల వ్రాఁతలు ముఖ్యసాధనములని పండితులు చిరకాలమునుండి యంగీకరించియున్నారు. పందొమ్మిదవ శతాబ్దినుండి వీనికిఁ దోడుగా మఱియొక సాధన మేర్పడినది. అది ఛాయాచిత్రము. శాసనము దొరకినప్పుడు లిపి యే కాలమునాఁటిది, తిథివారములు సరిపోవునా, చెక్కినవాఁడు పొరపడెనా యని సూక్ష్మముగా విమర్శించు పండితులే ఛాయాచిత్రము చేతికి వచ్చినప్పుడు అందుఁ గనఁబడినదంతయు సత్యమనియు, కనఁబడనిదంతయు అక్కడ లేదనియు నమ్ముట తఱచు. ఈ నమ్మకము విమర్శకు నిలుచునది కాదు. ఛాయాచిత్రమును ఒక విధమగు వ్రాఁతయే. వెలుఁగు వ్రాయు నా వ్రాఁతకుఁ గొంతకాలము పట్టును. ఆ కాల మెంతయో తెలియనిదే చిత్రముయొక్క అర్థము పూర్తిగాఁ దెలియదు.

ఈ సంగతి యన్ని చిత్రములకును వర్తించునదే యైనను, నీటియొడ్డున నున్న ప్రాఁత కట్టడముల చిత్రములకు మఱింత వర్తించును. ఏలయనఁగా నట్టి చిత్రమున సగము కదలునది, సగము కదలనిది. నీరు, పడవ, స్నానమునకు వచ్చిన మనుష్యుఁడు, గాలికి నూఁగు చెట్టుకొమ్మ కదలునవి. మెట్టు, బురుజు, మండపస్తంభము కదలనివి. ఎక్కువసేపు వెలుఁగు పట్టి తీసిన చిత్రము కదలనిదానిని నిలిపి కదలుదానిని చెఱపివేయును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల కట్టడములను ఉదాహరణములుగాఁ గొని, అట్టి చిత్రము చరిత్రకారునకు ఏమి చెప్పఁగలదో, ఏమి చెప్పఁజాలదో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ప్రకాశనకాలము

ఛాయాగ్రాహకయంత్రపు కటకమును దెఱచియుంచిన కాలమునకుఁ బ్రకాశనకాలమని పేరు పెట్టవచ్చును. ఆ కాలమున కటకము నెదుట నున్న ప్రతి వస్తువునుండియు వచ్చిన వెలుఁగు లోపలి పలకమీఁదఁ గొంచెము కొంచెముగాఁ జేరుచుండును. ఒకేచోట నిలిచిన వస్తువు వెలుఁగు ఒకేచోటఁ జేరి రూపము గట్టిపడును. కదలిపోయిన వస్తువు వెలుఁగు పలుచోట్లఁ జెదరి యే రూపమును గట్టదు. ఈ చిన్న నియమమే యీ విషయమునకంతకును మూలము.

ఫ్రాన్సుదేశమున నియెప్సు అను నాతఁడు 1826–27 ప్రాంతమునఁ దన యింటి కిటికీనుండి తీసిన చిత్రము నేఁడు నిలిచియున్న ఛాయాచిత్రములలో మిక్కిలి ప్రాచీనమైనది. దానికిఁ బెక్కుగంటలు పట్టినందున, సూర్యుఁడు తూర్పునుండి పడమరకుఁ బోవువఱకు కటకము తెఱచియే యుండెను. అందుచేత ఎదురెదురు గోడలు రెంటిమీఁదను ఎండ పడినట్లు కనఁబడును. ఒకే గడియలో నట్టి యెండ పడుట యసంభవము. ఆ చిత్రమును జూచి యింటి దిక్కును నిర్ణయింపఁబూనువాఁడు తప్పక మోసపోవును.

1838 లో దగేరు పారిసు పట్టణపు విశాలవీథి నొకదానిని చిత్రించెను. పగటివేళ బండ్లతోను జనముతోను నిండియుండు నా వీథి చిత్రమున నించుమించుగా శూన్యముగాఁ గనఁబడును. ఒక మూల చెప్పులకు మెఱుఁగు పెట్టించుకొనుచు నిలిచిన మనుష్యుఁడును, మెఱుఁగు పెట్టువాఁడును మాత్రము మిగిలిరి. తక్కినవారు నడచిపోవుచుండినందున పలకమీఁద నిలువలేదు. చరిత్రకారులకు ఈ చిత్రము నేర్పిన పాఠ మేమనఁగా, చిత్రమునందు జనము లేకుండుట వేఱు, వీథియందు జనము లేకుండుట వేఱు.

కాలక్రమమున పలకలు త్వరగా వెలుఁగు గ్రహించుట నేర్చినవి. 1841 లో టాల్బటు కాగితపు నెగటివు పద్ధతికి హక్కు పొందెను. 1851 లో ఆర్చరు గాజుపలకమీఁద తడి కొలోడియను పూఁత పూయు పద్ధతిని బ్రకటించెను. 1871 లో మాడక్సు జెలటిను పూఁత గల పొడిపలకకు మార్గము చూపెను. నిమిషములు పట్టుచుండిన పని క్రమముగా క్షణములకును, క్షణములో భాగములకును దిగినది. మందమైన వెలుఁగులో మాత్రము పలకలు లెక్కప్రకారము పనిచేయవు. వెలుఁగు సగమైనచోఁ గాలము రెట్టింపు చాలదు, అంతకుమించి కావలసివచ్చును. ఈ లోపమును జ్యోతిశ్శాస్త్రజ్ఞుఁడగు కార్ల్ ష్వార్ట్జ్‌షిల్డు నక్షత్రచిత్రములు తీయుచు గమనించి 1900 ప్రాంతమున నియమముగాఁ దెలిపెను.

దక్షిణదేశమున తొలి ప్రయత్నములు

మద్రాసునందు 1850 లో అలెగ్జాండరు హంటరు కళాపాఠశాలను స్థాపించెను. 1856 లో అచ్చట ఛాయాచిత్రకారుల సంఘ మేర్పడెను. ఆ కాలమున సైనికోద్యోగియగు లినేయసు ట్రైపు మద్రాసు ప్రభుత్వమువారి ఛాయాచిత్రకారుఁడుగా నియమింపఁబడి, 1857–58 లో శ్రీరంగము, తిరుచిరాపల్లి, మధుర, పుదుక్కోట, తంజావూరు మున్నగు స్థలములఁ దిరిగెను. ఆతఁడు మైనము పట్టించిన కాగితపు నెగటివులను విశేషముగా వాడెను. వీనిని ముందుగానే సిద్ధపఱచి ప్రయాణమునఁ గొనిపోవచ్చును. కాని ప్రకాశనమునకుఁ జాలసేపు పట్టును. మధురలోని తెప్పకొలనిని ఆతఁడు చిత్రించెను. అట్టి చిత్రములందు నీరు అలలు లేని యద్దమువలెఁ గనఁబడుటకుఁ గొలనియొక్క ప్రశాంతత కొంత కారణము, ప్రకాశనకాలము కొంత కారణము. ఈ రెంటి పాళ్లను చిత్రము మాత్రమే చూచి వేఱుచేయ వీలులేదు.

ట్రైపు కృషిలోఁ బండితులకు మిక్కిలి యుపయోగించునది తంజావూరి బృహదీశ్వరాలయ పీఠముమీఁది శాసనముల చిత్రము. పొడవైన గోడను ముక్కలు ముక్కలుగాఁ దీసి, 21 చిత్రములను వరుసగా నదికి 19 అడుగుల పొడవు గల యొకే చుట్టగా 1858 లో నాతఁడు సిద్ధపఱచెను. శాసనమును జదువలేని వాఁడును దూరదేశమునందలి పండితునకు దానిని జేర్పఁగలఁడని యిందువలన రుజువైనది. ఐనను ఆతని చిత్రములందే యొక హెచ్చరిక కలదు. ఆనాఁటి పలకలు నీలపురంగునకు మితిమీరి లొంగుటచేత ఆకాశము వట్టి తెలుపుగా వచ్చుచుండెను. ట్రైపు కొన్ని నెగటివులమీఁద రంగుతో మబ్బులను దానే దిద్దెను. కావున ఆ చిత్రములందలి శిల సాక్ష్యము, మబ్బు మాత్రము కవిత్వము.

తెలుఁగుదేశమునకు సంబంధించినంతవఱకు అమరావతి శిల్పములు దీనికి మంచి యుదాహరణము. కృష్ణయొడ్డున నున్న యా స్తూపమును 1797 లో కాలిను మెకంజీ చూచెను. 1845 లో వాల్టరు ఎలియటు త్రవ్వించి శిల్పములను మద్రాసునకుఁ బంపించెను. అవి యచ్చటఁ బెక్కేండ్లు ఎండవానలకు గుఱియయ్యెను. ట్రైపు 1858 లో వానిని చిత్రించెను. 1859 లో నందుఁ బెక్కింటిని లండనునకు ఓడనెక్కించిరి. ఫెర్గూసను 1868 లోఁ బ్రకటించిన గ్రంథమునకు అమరావతి శిల్పముల ఛాయాచిత్రములును ఆధారములైనవి. శిల తన తావును విడిచినను, చెడినను, చెడుటకు ముందటి రూపము చిత్రమున నిలుచునని పండితలోకము గ్రహించినది.

హైదరాబాదు రాజ్యమున రాజా దీనదయాళు పేరు చిరస్మరణీయము. 1844 లో మీరటు సమీపమునందలి సర్ధానాలోఁ బుట్టి, రూర్కీ కళాశాలలో ఇంజనీరువిద్య నభ్యసించిన యాతఁడు ఆఱవ నిజాము మహబూబు ఆలీఖాను కొలువునఁ జేరి 1894 లో బిరుదు పొందెను. 1905 లో మరణించెను. ఆతని కాలమున పొడిపలకలు వాడుకలోనికి వచ్చినందున సైన్యముల కవాతులు, వేఁటయాత్రలు, ఊరేగింపులు సయితము చిత్రములకెక్కెను. అప్పటినుండి దీర్ఘప్రకాశన మొక నిర్బంధము కాక ఒక ఎంపిక యయ్యెను. నేఁడు కటకమునకు నల్లని గాజు నడ్డుపెట్టి పట్టపగలు సయితము నిమిషములకొలఁది ప్రకాశన మిచ్చుచున్నారు. 1858 నాఁటి చిత్రమునందలి నిర్జనత పలక చేతకానితనము, నేఁటి చిత్రమునందలి నిర్జనత తీసినవాని యిష్టము. ఈ భేదము నెఱుఁగక రెంటిని నొకేవిధముగాఁ జదువరాదు.

జగిత్యాల కోటయు, దాని కందకమును

పూర్వము కరీంనగరము జిల్లాలోఁ జేరియుండిన యీ ప్రాంతమునుండి 2016 లో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేఱుపడినవి. ఉత్తరమున గోదావరి, దక్షిణమున మానేరు, నడుమ చెఱువులును వాగులును గల నేల యిది. ఇచ్చటి ప్రాఁత కట్టడములలోఁ బెక్కింటికి నీటితోడిదే జీవనము.

జగిత్యాల కోట నక్షత్రాకారముగాఁ గట్టఁబడినది. చుట్టును కందకము కలదు. 1747 లో ఎలగందుల పాలకుఁడగు జఫరుద్దౌలా ఫ్రెంచి యింజనీర్ల సహాయమునఁ గట్టించెనని చెప్పుదురు. ఆ యింజనీర్ల పేళ్లనుబట్టియే యూరికిఁ బేరు వచ్చినదను వాడుక కలదు. పన్నెండవ శతాబ్దిలో నీ సీమ నేలి కాకతి రుద్రదేవునితోఁ బోరిన పొలవాస ప్రభువుల వంశమునందు జగ్గదేవుఁడను పేరు గలవాఁ డుండుటచేత, ఊరిపేరు అతనినుండి వచ్చినదని తలంచువారును గలరు. ఇట్టి వివాదమును ఛాయాచిత్రము తీర్పఁజాలదు. పేరు శాసనములకును వాఙ్మయమునకును సంబంధించిన విషయము. కోట కట్టుబడి మాత్రము చిత్రమునకు సంబంధించిన విషయము.

ఫిరంగులు వచ్చిన పిమ్మట ఎత్తైన గోడలకంటె పొట్టిగాను, మందముగాను, వాలుగాను ఉండు గోడలే క్షేమమని యైరోపాదేశమున నేర్చిరి. ఒక కోణముమీఁదినుండి పేల్చినచోఁ బ్రక్కకోణపు గోడకుఁ గాపు కలుగునట్లు నక్షత్రపు మొనలు ఏర్పఱచిరి. శత్రువు గోడ మొదలు చేరకుండ కందకమును నీటితో నింపిరి. జగిత్యాలలో నీ పద్ధతి స్పష్టముగాఁ గనఁబడును. గోడయు నీరును గలియుచోటును శ్రద్ధగాఁ జిత్రించినప్పుడు ఇంకను కొన్ని విషయములు తేలును. సాధారణచిత్రమున కందకపు నీటిమీఁది చిఱుతరఁగలును, వానిపై మిలమిలలాడు వెలుఁగును గోడ మొదటి వరుసలను మఱుఁగుపఱచును. కొన్ని నిమిషముల ప్రకాశనమున ఆ తళుకులన్నియుఁ గలిసి సమమై, నీరు తేటగా నున్నచో నీటిలోపలి శిలావరుసలు సయితము కనఁబడవచ్చును. నీరు బురదగా నుండు వానకాలమున నీ లాభము లేదు.

అట్లే నాచును నీటిమొక్కలును గాలికిఁ గదలుచుండినచో దీర్ఘప్రకాశనమున ఆకుపచ్చని మంచువలె మాఱును. వాని విస్తీర్ణమును ఆ చిత్రమునుబట్టి కొలువఁగూడదు. కోటచరిత్ర వ్రాయువాఁడు గోడకొక చిత్రమును, కందకపు స్థితికొక చిత్రమును వేఱువేఱుగా నుంచుకొనుట మేలు.

ధర్మపురియు కోటిలింగాలయు

జగిత్యాల జిల్లాలోని ధర్మపురి గోదావరీతీరమున లక్ష్మీనరసింహక్షేత్రముగాఁ బ్రసిద్ధము. నరసింహశతకము రచించిన శేషప్పకవి యిచ్చటివాఁడు. గోదావరి మెట్లును, ఊరిలోని బ్రహ్మపుష్కరిణియు, దాని నడుమ నుత్సవమూర్తులను జేర్చు మండపమును జిత్రకారుల నాకర్షించు తావులు. తెల్లవాఱుజామున నీటినడుమ నిలిచిన మండపమును దీర్ఘప్రకాశనమునఁ దీసినచో, నీడ యద్దమునఁ బడినట్లు నిశ్చలముగా వచ్చును. చూపునకు మనోహరమే కాని చరిత్రకారునకు ఇచట నొక చిక్కు కలదు.

2015 జూలైలో గోదావరీ పుష్కరములు జరిగినప్పుడు ధర్మపురి మెట్లు జనముతో నిండిపోయినవి. అట్టి వేళ నిమిషములకొలఁది ప్రకాశన మిచ్చిన చిత్రమున నేమి కనఁబడును? జనము పలుచగా నడచిపోవుచోట మెట్లు శూన్యముగాఁ గనఁబడును. జనము తెగక త్రొక్కుచోట రూపము లేని పొగవంటిది కనఁబడును. జపమునకుఁ గూర్చుండి కదలని వృద్ధుఁ డొక్కఁడు మాత్రము స్పష్టముగా నుండును. నూఱేండ్ల పిమ్మట ఆ చిత్రమును జూచువాఁడు ఆనాఁడు మెట్లమీఁద నొక్క వృద్ధుఁడే యుండెనని వ్రాసినచో దోషము వానిది కాదు. ప్రకాశనకాలమును వ్రాయకుండ చిత్రమును దాఁచినవానిది. తీర్థమునకుఁ బ్రాణము జనమే. మెట్లరాళ్లు అరిగినది నీటిచేతఁ గొంతయైనచో భక్తుల పాదములచేత నంతకంటె నెక్కువ. అరుగుదలను జూపి అరఁగఁదీసినవారిని జెఱపివేయు చిత్రము సగము చరిత్రయే చెప్పును.

గోదావరిలోఁ బెద్దవాగు కలియుచోట నున్న కోటిలింగాల మఱియొక విధమగు తావు. ఇచ్చట మట్టికోట, ఇటుక కట్టడములు బయలుపడినవి. గోభద, నారన, కంవాయ, సమగోప యను పేళ్లు గల ప్రాచీనరాజుల నాణెములును, సాతవాహనవంశమూలపురుషుఁడని చెప్పఁబడు చిముకుని నాణెములును దొరకినవి. పరబ్రహ్మశాస్త్రి మున్నగు పండితులు వీనిని బరిశీలించిరి. 1979 మొదలుకొని వి. వి. కృష్ణశాస్త్రి యాధ్వర్యమున పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపిరి. సాతవాహనుల తొలి చరిత్ర తెలంగాణమునకుఁ జేరువ యని వాదించుటకు ఈ నాణెములు బలమైన యాధారములైనవి.

కోటిలింగాల ఇటుక గ్రానైటు కాదు. తడిసి యెండుట యనునది ఇటుకకు మిక్కిలి హానికరము. తడిసినప్పుడు లోపలి లవణములు కరఁగి, ఎండినప్పుడు పైకి వచ్చి స్ఫటికములై పొరలను లేపివేయును. నిరంతరము నీటిలో నుండు భాగముకంటెను, నిరంతరము పొడిగా నుండు భాగముకంటెను, ఏఁటేఁట తడిసి యెండు నడిమిపట్టె త్వరగాఁ జెడును. ఎల్లంపల్లియొద్దఁ గట్టిన శ్రీపాదసాగరపు వెనుకనీరు కోటిలింగాల తీరమును మార్చినది. ఒకప్పుడు వరదలకు మాత్రమే తడిసిన తావులు ఇప్పుడు జలాశయపు టెత్తుపల్లములకు లోనగుచున్నవి. ఇట్టిచోట ఛాయాచిత్రము విలాసము కాదు, విధి.

కోరుట్ల మెట్లబావి

కోరుట్ల పట్టణమునందలి ప్రాఁత మెట్లబావి నదీతీరము కాకపోయినను నీటియొడ్డు కట్టడమే. ఒడ్డు చుట్టును లోనికి మడిచి పాతాళమునకు దింపినట్లుండుట మెట్లబావి స్వభావము. వేసవిలో నీరు దిగినకొలఁదిని జనము దిగుటకు మెట్లు, అలసినవారు నిలుచుటకు అరుగులు, మట్టి యొత్తిడికి గోడ కూలకుండ శిలావరుసలు ఏర్పఱతురు. నీటిమట్ట మెక్కడనున్నను చేతికందునట్లు కట్టుటయే దీని నేర్పు.

మెట్లబావిలో వెలుఁగు సమస్య విపరీతము. పైమెట్టుమీఁద మండుటెండ, అడుగున చీఁకటి. పైభాగమునకుఁ దగిన ప్రకాశన మిచ్చినచో అడుగు నల్లగా మునిఁగిపోవును. అడుగునకుఁ దగినంత యిచ్చినచో పైభాగము తెల్లగా మాఁడిపోవును. మబ్బుపట్టిన దినమునఁగాని, సూర్యోదయమునకు ముందుగాఁగాని ప్రకాశనము నెక్కువసేపు ఇచ్చిన చిత్రము రెండు భాగములను సమముగాఁ జూపును. అప్పుడే శిలలమీఁది ఉలిగుఱుతులును, ఆయా కాలములయందలి నీటిమట్టపు చాఱలును, తరువాతివారు చేసిన మరమ్మతులును వేఱువేఱుగాఁ గనఁబడును. ఇచ్చట దీర్ఘప్రకాశనము అందమునకుఁ గాక అవసరమునకు వచ్చినది.

సిరిసిల్ల, మానేరు

సిరిసిల్ల మానేటియొడ్డు పట్టణము, నేఁతపనికిఁ బేరుపొందినది. పట్టణమున కెగువను నర్మాలయొద్ద నిజాము పాలనాకాలమునఁ గట్టిన ఎగువమానేరు ఆనకట్ట కలదు. సమీపమునందలి వేములవాడ పూర్వము చాళుక్యశాఖ యొకదానికి రాజధాని. పంపకవి నాశ్రయించిన రెండవ అరికేసరి యీ వంశమువాఁడే. రాజరాజేశ్వరాలయపు ధర్మగుండము నేఁటికిని భక్తుల స్నానస్థలము. వేములవాడ ప్రక్కగాఁ బాఱు మూలవాగు మాన్వాడయొద్ద మానేటఁ గలియును. అచ్చటనే మధ్యమానేరు జలాశయమును గట్టిరి. 2019 నాఁటికి అందు నీరు నిలిచినది. కొదురుపాక, అనుపురము మున్నగు గ్రామములు ముంపునకు లోనయ్యెను.

ఇంకను దిగువను, సిరిసిల్లనుండి కరీంనగరమునకుఁ బోవు త్రోవలో, మానేటిదరి నెలగందుల దుర్గము కలదు. 1974–1985 నడుమఁ గట్టిన దిగువమానేరు జలాశయము దాని చేరువకు నీటిని దెచ్చినది. మధ్యయుగపు దుర్గము ప్రక్కను ఇరువదవ శతాబ్దపు నీటియంచు నిలిచిన చిత్రమును జూచి, ఆ దుర్గము పూర్వమునుండియు సరస్సు గట్టున నుండెనని తలంచుట సహజము. అది తప్పు. పూర్వము అక్కడ ఏఱు పాఱినది, సరస్సు నిలువలేదు. ఏటియొడ్డు కోటకును చెఱువుగట్టు కోటకును రక్షణపద్ధతియందే భేద మున్నది. ఏఱు వేసవిలో దాఁటఁదగునది, సరస్సు అన్ని కాలములందు అడ్డు.

దీర్ఘప్రకాశనచిత్రము ఈ భ్రమను మఱింత పెంచును. అర క్షణమునఁ దీసిన చిత్రమున పాఱు నీటియందు ధారలు గీఁతలుగాఁ గనఁబడి ప్రవాహమును దెలుపును. కొన్ని క్షణములైనచో నురుగు దూదివలె నగును. కొన్ని నిమిషములైనచో ఏఱును సరస్సును ఒక్కటే. ఎగువమానేటి మత్తడిమీఁద నీరు దుముకునప్పుడును ఇంతే. శిలను దాఁకు దెబ్బ యెంతటిదో హ్రస్వచిత్రము తెలుపును, దెబ్బ తగిలిన శిల యెట్లున్నదో దీర్ఘచిత్రము తెలుపును. చరిత్రకారునకు రెండును గావలయును.

ముంపు గఱపిన పాఠము

నీటఁ గలిసిన స్థలముల విషయమున తెలుఁగువారికి గొప్ప యనుభవము కలదు. 1926 లో వెలుఁగులోనికి వచ్చిన నాగార్జునకొండలో 1927–31 నడుమ లాంగుహర్స్టును, 1954–60 నడుమ ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యమునఁ బురావస్తుశాఖవారును త్రవ్వకములు జరిపిరి. నాగార్జునసాగరపు నీరు రాకమునుపు కొన్ని కట్టడములను కొండమీఁదికిఁ జేర్చిరి. ఇక్ష్వాకుల విజయపురియందు నదికి దిగు శిలాఘట్టము, విహారములు, చైత్యములు తమ తావున నెట్లుండెనో నేఁడు తెలియవలెనన్నచో ఆనాఁటి కొలతపటములును ఛాయాచిత్రములునే శరణ్యము. శ్రీశైల జలాశయమునఁ గృష్ణాతీరపు సంగమేశ్వరాలయము 1981 నుండి యేఁటేఁట మునిఁగి, నీరు తగ్గినప్పుడు కొన్ని నెలలు మాత్రము బయలుపడుచున్నది.

మునిఁగి తేలు నిట్టి కట్టడములు దీర్ఘప్రకాశనమునకు మిక్కిలి యనుకూలములని చిత్రకారు లెఱుఁగుదురు. నిశ్చలమైన నీటినడుమ నిలిచిన శిథిలగోపురము, చుట్టును మంచువంటి తెలుపు – చూచినవాని మనస్సు కరఁగును. కాని ఆ ప్రశాంతత కట్టడమునకుఁ గలిగిన యాపదను గప్పిపుచ్చును. చిత్రమున శాశ్వతముగాఁ గనఁబడునదే యథార్థమున సున్నము కరఁగి, అతుకులు వదలి, ఏఁటికొక వరుస జాఱుచుండవచ్చును. ముంపుగ్రామముల విషయమున నింకొక లోపమును గలదు. నీటిపైకిఁ దేలిన గోడ చిత్రమునకెక్కును. ఆ గోడలోపల కాపురముండి వేఱుచోటికిఁ దరలినవారు చిత్రమునకెక్కరు. దగేరు చిత్రమునందు నడచిపోయినవారు నిలువనట్లే యిచ్చటను విడిచిపోయినవారు నిలువరు. వారి మాటలను, వారు తమ వాడలకును రేవులకును బెట్టుకొనిన పేళ్లను వ్రాసియుంచనిచో చిత్రము మూఁగసాక్షియే.

పరిశోధకులు పాటింపఁదగిన పద్ధతి

శాసనసేకరణమున నిట్టి క్రమశిక్షణ తెలుఁగువారికిఁ గొత్త కాదు. హైదరాబాదున 1914 లోఁ బురావస్తుశాఖ యేర్పడి గులాం యజ్దానీ యధ్యక్షుఁడయ్యెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పేర వెలసిన పరిశోధకమండలివారు 1935 లోఁ దెలంగాణాశాసనముల మొదటి సంపుటమును బ్రకటించిరి. తడిపిన కాగితమును శాసనముమీఁద నొత్తి, సిరా యద్ది తీసిన ప్రతికి శిల యున్న యూరు, తావు, దిక్కు వ్రాయనిదే విలువలేదని శాసనపరిశోధకు లెఱుఁగుదురు. ఛాయాచిత్రమునకును అదే న్యాయము.

నీటియొడ్డు కట్టడపు చిత్రమునకు వెనుక వ్రాయఁదగినవి యివి: తీసిన సంవత్సరము, మాసము, దినము, గడియ, నిలిచిన తావు, చూచిన దిక్కు, ప్రకాశనకాలము, ఆనాఁడు నీరు ఎన్నవ మెట్టువఱకు నుండెనను సంగతి. ప్రతి దీర్ఘచిత్రమునకును అదే తావునుండి తీసిన హ్రస్వచిత్రము నొకదానిని జతపఱుపవలెను. మొదటిది శిలకు, రెండవది జనమునకును నీటికిని సాక్ష్యము. ప్రక్కనొక కొలబద్ద నిలిపినచో అరుగుదలను గొలువవచ్చును. అది నీటిలోఁ గాక శిలమీఁదనే యుండవలెను. నీటిలోనిది ప్రకాశనకాలమునఁ గదలి గీఁతలు చెడును.

అరిగిన అక్షరముల విషయమున ప్రకాశనకాలముకంటె వెలుఁగు దిక్కు ముఖ్యము. మధ్యాహ్నపు టెండ అక్షరములను జదునుచేయును. ఉదయాస్తమయములయందు ఏటవాలుగాఁ బడు వెలుఁగు లోఁతులేని గీఁతకు సయితము నీడ నిచ్చును. అట్టి వెలుఁగు మందముగా నుండుటచేత ప్రకాశనకాలమును బెంచవలసివచ్చును. అప్పుడు యంత్రము త్రికాష్ఠముమీఁదఁ గదలక నిలువవలెను. చిత్రమున మబ్బునుగాని నీటినిగాని తరువాత దిద్దినచో ఆ సంగతియు వ్రాయుట ధర్మము. ట్రైపు దిద్దిన మబ్బులవలన నష్టము లేకుండుటకు వాని నెగటివులు నిలిచి, దిద్దుబాటు బయలుపడుటయే కారణము.

ఈ పనికిఁ బాఠశాలల పండితులు ఎల్లరకంటె తగినవారు. దూరమునుండి వచ్చు చిత్రకారుఁ డొక యుదయము నిలిచి పోవును. ఊర నున్న యుపాధ్యాయుఁడు ఏఁటేఁట అదే మెట్టుమీఁద నిలిచి, అదే దిక్కునకు, అదే మాసమునఁ జిత్రము తీయఁగలఁడు. పదేండ్ల చిత్రములను వరుసగాఁ బేర్చినచో ఏ శిల యెప్పుడు జాఱినదో, నీటిచాఱ యెంత యెత్తునకు జరిగినదో తెలియును. ఒక్క చిత్రము వర్ణనము, వరుసచిత్రములు చరిత్ర.

దీనినిబట్టి తేలిన సారాంశ మిది. దీర్ఘప్రకాశనచిత్రము నిలిచినదానికి నమ్మదగిన సాక్షి, కదలినదానికి సాక్షియే కాదు. జగిత్యాల కందకపు గోడకును, కోరుట్ల బావిమెట్లకును, కోటిలింగాల యిటుకకును అది మేలుచేయును. ధర్మపురి యాత్రికునకును, మానేటి ప్రవాహమునకును, ముంపుగ్రామపు కాపురస్థునకును అది న్యాయము చేయఁజాలదు. ఆ న్యాయము హ్రస్వచిత్రమువలనను, తేదీ వేసిన వ్రాఁతవలనను, వృద్ధుల వాఙ్మూలమువలనను గలుగవలెను. జలాశయముల నీరు ఎత్తుపల్లములగుచున్న యీ రెండు నదుల నడుమ, ఒడ్డు నేఁ డున్నచోట ఱేపు ఉండునను నిశ్చయము లేదు. ఉన్నంతలో ఉన్నదానిని, కాలమును బేర్కొని, చిత్రించి దాఁచుట చరిత్రాభిమానుల తక్షణకర్తవ్యము.